మైదానం మధ్యలో ఆంబ్రోస్ పడక

ఆంబ్రోస్ టిబొడోకి ఆట మధ్యలో పడుకునే అలవాటు ఉండేది. కూలబడటం కాదు, తూలిపడటం కాదు. వెల్లకిలా, చేతులు బారజాపుకుని, భోజనం చేసి నడుం వాల్చినట్టు పడుకునేవాడు. పడుకుని స్టేడియమంతా వినేలా ఒకటే కేక: "అమ్మా! నా పని అయిపోయిందే!"

అతని ఉద్యోగమేమో అవతలివాళ్ళని పడగొట్టడం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో రక్షణ వరస అంటే ముందు నిలబడే నలుగురు భారీ మనుషులు. అవతలి జట్టులో బంతి విసిరేవాణ్ణి పట్టుకుని నేల కరిపించడం వాళ్ళ పని. మూడొందల పది పౌండ్ల, అంటే నూట నలభై కిలోల ఆంబ్రోస్ మా టొలీడో జట్టులో పదకొండేళ్ళు ఆ పనే చేశాడు. కరిపించినంతసేపు కరిపించి, ఉన్నట్టుండి తనే నేల కరిచేవాడు. వెంటనే రెఫరీ ఈల, ఆట ఆగడం, వెండెల్ క్రాట్జ్ మంచుగడ్డల సంచీ పట్టుకుని పరిగెత్తడం.

వెండెల్ జట్టుకి కట్లు కట్టే మనిషి. అరవై దాటాయి. "వీడికి నొప్పి ఎక్కడుందో తెలిసి చావదు గానీ, నాకు మాత్రం రెండు మోకాళ్ళలోనూ ఉంది" అని తిట్టుకుంటూనే పరిగెత్తేవాడు.

"ఎక్కడరా నొప్పి?"

"ఎక్కడ లేదో అడుగు బాబాయ్. అయిపోయింది. లూసియానాలో మా అమ్మకి కబురు పెట్టు."

"మోకాలా?"

"మోకాలే అనుకో."

"అనుకోవడమేంట్రా?"

"అదిగో, ఆ వెధవ తొక్కాడు నన్ను. వాడికి కళ్ళు కనబడవు. ముందు వాడి కళ్ళు చూడు."

వెండెల్ వెళ్ళి వరసలో పక్కన ఆడే ఆ మనవాడి కళ్ళు చూసేదాకా ఆంబ్రోస్ లేచేవాడు కాదు. తీరా చూస్తే, ప్రతిసారీ ఆ కళ్ళు నిజంగానే తేలిపోతూ ఉండేవి. తలకి గట్టి దెబ్బ తగిలిన కళ్ళు. వాణ్ణి నడిపించుకుని బయటికి తీసుకుపోవాల్సి వచ్చేది. ఆంబ్రోస్ మాత్రం గడ్డి దులుపుకుని మళ్ళీ వరసలో నిలబడేవాడు.

వెండెల్ దీని గురించి ఏళ్ళ తరబడి ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాడు. ఇంత మనిషి వచ్చి మీద పడితే ఎవడికైనా తల తిరగదా! తన పుస్తకంలో అలాగే రాసుకున్నాడు: "ఆంబ్రోస్ పడ్డాడు. దెబ్బ లేదు. పక్కవాడి మీద పడ్డాడు. వాడికి దెబ్బ." అలాంటి పేజీలు నలభై పైనే పోగయ్యాయి.

ఆ రోజుల్లో టొలీడోలో ఏడవడానికి కారణాలకి కొదవలేదు. గాజు ఫ్యాక్టరీ మూతబడింది. సరస్సు మీంచి వచ్చే గాలి ఎముకలు కొరికేది. జట్టు ఓడిపోవడం మానలేదు. జనం ఆదివారం పొద్దున చర్చికీ, మధ్యాహ్నం స్టేడియానికీ వెళ్ళేవాళ్ళు. దేవుడు రెండుచోట్లా పలికేవాడు కాదు. ఇన్ని ఏడుపుల మధ్య ఈ మహానుభావుడి పడక ఒకటి! హంగేరీ వాళ్ళ పేటలో ఉండే సాబో మామ్మ ఒక దిండు కుట్టి, దాని మీద ఆంబ్రోస్ చొక్కా నంబరు డెబ్బై ఆరు ఎంబ్రాయిడరీ చేసి, అతను పడుకోగానే మైదానంలోకి విసిరేది. మరుసటి ఏడాదికి స్టేడియమంతా దిళ్ళే.

"దుప్పటి కూడా కావాలా నాయనా?" అని అరిచేది మామ్మ.

"తెస్తే వద్దంటానా!" అని పడుకునే జవాబు చెప్పేవాడు ఆంబ్రోస్.

మైదానం బయటా అంతే. హాట్‌డాగ్ కొరుకుతూ "ఇదే నా ఆఖరి హాట్‌డాగ్ కాబోలు" అనేవాడు. నాలుగోది తింటూ కూడా అదే మాట. జట్టులో ఎవరైనా పెళ్ళికి పిలిస్తే, "నేనప్పటికి ఉంటే తప్పకుండా వస్తాను" అనేవాడు. అందరికంటే ముందు వచ్చి, చివరిదాకా డాన్సు చేసేవాడు.

పదకొండో ఏడు డిసెంబరులో, ఆఖరి మ్యాచి రోజు పొద్దున, కోచ్ బ్రాండిట్ వెండెల్ పుస్తకం తెప్పించుకుని మొత్తం చదివాడు. ఆంబ్రోస్‌ని పిలిచాడు.

"ముప్పై నాలుగేళ్ళొచ్చాయి. దెబ్బలేం లేవు, పడకలు మాత్రం నలభై పైన. మనవాళ్ళనే పచ్చడి చేస్తున్నావు. ఇవాళ ఒక్కసారి పడుకున్నావంటే సామాను సర్దుకో."

"ఇంకొక్క ఏడాది ఉండనివ్వండి కోచ్ గారూ. మన జట్టు గెలిచే ఏడాది ఒక్కటి చూసి పోతాను."

"అంతకాలం ఎవడు బతుకుతాడు?" అన్నాడు కోచ్. అయినా, నిలబడి ఆడితే ఉంచుతానన్నాడు.

పక్కనే ఉన్న వెండెల్ తన పుస్తకం తీసి చంకలో పెట్టుకున్నాడు. రాసింది తనే కదా!

ఆ మధ్యాహ్నం మంచుతో కలిసి వాన. ఆటకి నాలుగు భాగాలు; మూడింట్లో ఆంబ్రోస్ నిటారుగా నిలబడి ఆడాడు. దిళ్ళు ఒళ్ళో పెట్టుకున్న జనానికి ఏమీ తోచలేదు. నాలుగో భాగంలో, ఆంబ్రోస్ పక్కన ఆడే కర్టిస్ మేబ్రీ తలకి ఎవరిదో మోకాలు తగిలింది. కర్టిస్ లేచాడు, వరసలోకి వచ్చాడు, ఆటకి సిద్ధంగా ఒంగున్నాడు. కాకపోతే మొహం మనవాళ్ళ వైపు పెట్టి ఒంగున్నాడు!

ఆంబ్రోస్ కర్టిస్‌ని చూశాడు. కోచ్‌ని చూశాడు. తనకేమీ కాలేదు, తనని ఎవరూ తాకనైనా లేదు. వెండెల్ మొదటిసారి కళ్ళారా చూశాడు: ఆ మహాకాయం ఒక నిట్టూర్పు విడిచి, బురద తక్కువున్న చోటు వెతుక్కుని, నెమ్మదిగా పడుకుంది.

"అమ్మా! నా పని అయిపోయిందే!"

ఈసారి ఆ మాట నిజం. దిళ్ళు వర్షంలా కురిశాయి. వెండెల్ పరిగెత్తాడు.

"ఎక్కడరా నొప్పి?" అన్నాడు అలవాటుగా.

"ఎక్కడో అక్కడ రాసుకో బాబాయ్. వాడి కళ్ళు చూడు."

కర్టిస్ వెండెల్ చెయ్యి పట్టుకున్నాడు. "నాకేం కాలేదు. బయటికి పంపకు బాబాయ్. తల తిరుగుతోందని కోచ్‌కి తెలిస్తే రేపు నా చోట్లో ఇంకొకడుంటాడు."

"నీ తలకేమైందిరా, నేనే కదా మీద పడ్డాను" అన్నాడు ఆంబ్రోస్ పడుకునే. "తప్పు నాది. రాసుకో బాబాయ్."

నలభై పైన పేజీలు వెండెల్ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. ఛీ, ఎంత గుడ్డివాణ్ణి! అనుకున్నాడు.

కోచ్ ఒక్క ముక్కే అన్నాడు: "ఆట అవగానే సర్దుకో." అప్పటిదాకానైనా ఆంబ్రోస్‌ని ఆడించక తప్పలేదు, కర్టిస్ చోట్లోకి వెళ్ళినవాడే బెంచీ మీద మిగిలిన ఆఖరి ఆటగాడు. వెండెల్ అడ్డం వెళ్ళి విషయమంతా చెప్పబోయాడు. "తర్వాత" అని మొహం తిప్పుకున్నాడు కోచ్.

ఇంక రెండు నిమిషాలున్నాయనగా దెబ్బ ఆంబ్రోస్‌కే తగిలింది, తలకి, నిజంగా. లేచాడు. వరస వదిలేసి రెఫరీ దగ్గరికి వెళ్ళి మర్యాదగా, "పెళ్ళికూతురు ఏదండీ?" అని అడిగాడు. మళ్ళీ వచ్చి తూలుతూ నిలబడ్డాడు. "నేను బాగానే ఉన్నా, ఆడండి" అన్నాడు. పడుకోవాల్సిన ఒక్క రోజున పడుకోడేం! వెండెల్‌కి ఏడుపొచ్చింది. ఆట ఆగితే తప్ప లోపలికి వెళ్ళడానికి లేదు.

అంతలో మన వరసలో ఎడమ చివర ఉన్నవాడు పిక్క పట్టుకుని కూలాడు. "అమ్మా! నా పని అయిపోయిందే!" రెఫరీ ఈల నోట్లో పెట్టుకునేలోపు పక్కవాడు పడ్డాడు. ఆ పక్కవాడు. వెనక వరస. వాళ్ళ వెనక వరస. పదిమందీ బురదలో వెల్లకిలా. మధ్యలో ఆంబ్రోస్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

వెండెల్‌కి మోకాళ్ళ సంగతే గుర్తులేదు.

"ఎక్కడరా నొప్పి?"

"అదిగో, వాడు తొక్కాడు బాబాయ్!" పదిమందీ ఒకేసారి. "వాడికి కళ్ళు కనబడవు. ముందు వాడి కళ్ళు చూడు!"

సాబో మామ్మ దిండు విసరలేదు. గుండెకి అదుముకుని లేచి నిలబడింది.

వెండెల్ ఆంబ్రోస్‌ని నడిపించుకుంటూ బయటికొచ్చాడు. కోచ్ మైదానంలో పరుచుకున్న తన జట్టుని చాలాసేపు చూశాడు.

"వీడు మీద పడ్డాడని రాస్తావా ఇప్పుడు కూడా?"

"రాయను. నలభై పేజీలూ దిద్దాలి" అన్నాడు వెండెల్. "మరి సామాను సంగతేంటి?"

"పడుకున్నవాళ్ళందర్నీ పంపేస్తే వచ్చే ఏడు నువ్వూ నేనూ ఆడాలి. ఉండమను."

ఆంబ్రోస్ బెంచీ మీద కూర్చుని, తల మీద మంచుగడ్డల సంచీ పెట్టుకుని, మైదానం వంక దిగులుగా చూస్తున్నాడు.

"ఏం కుర్రాళ్ళు బాబాయ్ వీళ్ళు" అన్నాడు. "ఊరికూరికే పడిపోతున్నారు."