చెయ్యి కడిగిన నీళ్లు

ధిక్కారం అంటే ఛీ అనడమేనని బడిలో పండితులు చెప్పారు. అది నాకు అర్థమైంది మాత్రం కరువు ఏడాది, కోసిగి దాటాక రైల్లో.

వలస పోతున్న కూలామె ఒకతె గుక్కెడు నీళ్లడిగి దోసిలి పట్టింది. అప్పుడే అన్నం తిన్న ఆసామి, నిండు చెంబు పక్కనే ఉన్నా, చెయ్యి కడుక్కున్న పళ్లెం ఆ దోసిట్లోకి వంచబోయాడు. ఆ నీళ్లలో మెతుకులు, ఊరగాయ నూనె తేలుతున్నాయి.

ఆమె దోసిలి విడిచేసి, "ఛీ" అంది.

"తాగను నీళ్లు లేకున్నా పొగరు శానా ఉండాదే నీకు," అన్నాడు వాడు.

"దప్పిక గూడా శానా ఉండాదప్పా," అంది. "అయినా ఛీ."

ఇప్పుడు సభల్లో ధిక్కారమంటూ ఎవరు గొంతు చించుకున్నా నాకు ఆమె ఎండిన నోరే గుర్తొస్తుంది. వాడి మొహాన ఉమ్మడానికైనా ఆ నోట్లో తడి లేదు.