బిరడా తీసిన తొట్టి

మన బడి గ్రూపులో మీరు రాసేవి చదవడమే తప్ప నేనెప్పుడూ రాయలేదు. నిన్న మా అమ్మాయి హిందూపురంలో మా పెరటి రేకుల షెడ్డులో స్నానపు తొట్టి పెట్టించింది. నా మోకాళ్ల నొప్పులకట. దాన్ని చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ధర్మవరంలో మా కట్టెల కొట్టంలోని తొట్టి గుర్తుందా? దాన్ని చూడ్డానికే మీరంతా వచ్చేవాళ్లు.

అవ్వ జారిపడి నడుము పట్టేశాక, ఆనుకోకుండా కూర్చోలేకపోయేది. స్నానం చేయనిదే దీపం పెట్టదు, దీపం పెట్టనిదే అన్నం ముట్టదు. స్నానం కుదరక, పాలు మాత్రమే తాగుతూ నీరసించిపోతుంటే నాయన పెనుకొండలో కూలగొడుతున్న పాత బంగళా నుంచి ఆ ఇనుప తొట్టి తెచ్చి, నీళ్లు నింపాడు.

"ఏమిరా, కుడితి తొట్టి మాదిరి ఉండాది," అంది అవ్వ.

"దొరలు దీంట్లోనే మునిగేవాళ్లంటమ్మా."

"మునిగిన నీళ్లలోనే కూకుంటే మైల యాడికి పోతాది?"

నాకేమో అడుగున ఉన్న నల్లటి రబ్బరు బిరడా ఏమిటో తెలుసుకోవాలని ఉంది. గొలుసు పట్టి లాగాను. నీళ్లన్నీ గుడగుడమంటూ తూములోకి పోయాయి.

"పాపను తిట్టొద్దురా," అంది అవ్వ. "ఆ బిరడాను అట్లే తీసిపెట్టు. పోసుకున్న నీళ్లు పోతాంటే సాలు."

అమ్మ, నాయన ఎత్తి కూర్చోబెడితే, ఖాళీ తొట్టిలో వెనక్కి ఆనుకుని చెంబుతో పోసుకుంది. ఆ పూట దీపం పెట్టి అన్నం తింది.

వేడినీళ్లలో కాసేపు నానమని నాకు డాక్టరు చెప్పాడు. ఈ ఉదయం తలుపు వేసుకుని, బిరడా తీసి, చెంబుతోనే పోసుకున్నాను. ఇది మీ దగ్గరే దాచుకోండి. మా అమ్మాయికి మాత్రం చూపించకండి.