వట్టి కవరు

ఆ రోజు పొద్దున్నే గ్రామఫోను రికార్డుల కొట్లో రికార్డులావిడ తల పట్టుకుని కూర్చుంది. ఆన్‌లైన్‌లో అమ్ముడుపోయిన పాటల రికార్డు తాలూకు కవరు చేతిలో ఉంది, అందులోకి వెళ్ళాల్సిన రికార్డు మాత్రం కొట్లో ఎక్కడా లేదు.

ఎలా జరిగిందో చెప్పడానికి పెద్ద పురాణం విప్పక్కర్లేదు. ఆ కొట్లో మొదట్నుంచీ ఒక పద్ధతి. దొంగల భయానికి ముందు వరసల్లో వట్టి కవర్లే పెడతారు. రికార్డులు వెనక బీరువాలో ఉంటాయి. ఎవరైనా కవరు తెచ్చిస్తే లోపల్నుంచి రికార్డు తీసిస్తారు. ఆ పద్ధతి పెట్టిన మనిషి, ఆవిడ భర్త, పోయిన ఏడాది కన్నుమూశాడు. ఒంటిచేత్తో బేరాలు సాగక ఆవిడ సరుకంతా ఆన్‌లైన్‌లో పెట్టింది. పెట్టడం పెట్టింది గానీ, ఓపిక చాలక కవర్లు లెక్కేసి ఊరుకుంది. కవరు తళతళలాడితే గీతల్లేవని రాసి ధర కూడా పెంచేసింది. అయ్యో, ఒక్కసారి బీరువా తెరిచి చూసుకోవద్దూ!

లేని సరుకు అమ్మినందుకు ఇదివరకే రెండు ఆర్డర్లు క్యాన్సిల్ చేసింది. ఇంకొక్కటి చేస్తే ఖాతా మూసేస్తామని సైటువాళ్ళు మొహమాటం లేకుండా రాసేశారు. కొట్టుకి మనుషులు రావడం ఎప్పుడో మానేశారు. ఆ ఖాతా పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

బీరువా రెండోసారి గాలిస్తుంటే గుర్తొచ్చింది. ఆ రికార్డు ఇంట్లో ఉంది, అత్తగారి గదిలో, ప్లేయరు మీద. ఆసుపత్రికి వెళ్ళేముందు ఆయన పెట్టింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ వినలేదు, ఎవరూ తియ్యలేదు. అత్తగారు రోజూ మూత మీద దుమ్ము తుడుస్తుంది, అంతే.

మధ్యాహ్నం కవరు పట్టుకుని ఇంటికెళ్ళి గుమ్మంలోనే నసిగింది.

“అత్తయ్యా, పొరపాటు చేశాను. ప్లేయరు మీదున్నది అమ్మేశాను. కవరుంది కదాని రికార్డూ కొట్లోనే ఉందనుకున్నా.”

పెద్దావిడ లేచి ప్లేయరు మూత మళ్ళీ తుడిచింది. నాలుగు తిట్టినా బాగుండేది.

“అయితే ఇచ్చెయ్. కొన్నవాళ్ళని వాడెప్పుడూ వట్టి చేతుల్తో పంపలేదు.”

“మరి మీకో?”

“నాకేంటే, నాకు వినపడి చస్తేగా! తియ్యి, తియ్యి. మళ్ళీ నా మనసు మారుతుంది.”

పంపేముందు ఒకసారి వేసి చూడాలి. కనీసం ఈసారైనా. పాట సగం దాకా హాయిగా నడిచింది. అక్కడ టక్కుమని పడి, పాడిన ముక్కే మళ్ళీ మళ్ళీ పాడటం మొదలెట్టింది. ఇంకేముంది, గీత! ఆయనకి రికార్డు మీద ముల్లు పెట్టడం ఎన్నడూ రాలేదు, నీళ్ళ బిందె దింపినట్టు దింపేవాడు. రికార్డులమ్మే మనిషికి ఆ మాత్రం చెయ్యి కుదరదా అని కొనేవాళ్ళ ముందే తను ఆయన్ని ఎన్నిసార్లు కడిగిపారేసిందో.

ఉన్నదున్నట్టు కొన్నాయనకి రాసింది. గీత ఉంది, ధర తగ్గిస్తాను, అక్కర్లేదనుకుంటే మీరే ఆర్డరు వెనక్కి తీసుకోవచ్చు అని. కొన్నవాళ్ళే వద్దంటే అది ఖాతా మీద పడదు. కావాలంటే మాత్రం రికార్డు వెళ్ళిపోతుంది. రాసేసి, ఫోను ఒళ్ళో పెట్టుకుని గోడకి జారగిలబడింది. సాయంత్రానికి జవాబొచ్చింది.

“గీతుంటే నాకొద్దండీ. నేనే క్యాన్సిల్ చేసుకుంటున్నా. ముందే చెప్పారు, సంతోషం.”

సంతోషించడానికి కూడా ఆవిడకి ఓపిక లేదు. ఆ రికార్డుని అమ్మకం నుంచి తీసేసింది.

“ఏమన్నాడే?” అని అడిగింది అత్తగారు.

“వద్దన్నాడు అత్తయ్యా. గీత పడిందని.”

“ఎవరు గీశారు?”

“ఇంకెవరు, మీ అబ్బాయే.”

“మొద్దు వెధవ!” అని నవ్వబోయి పెద్దావిడ భోరుమంది.

అన్ని తిట్లు తిన్న ఆ చెయ్యి గుర్తొచ్చి రికార్డులావిడకీ ఏడుపు ఆగలేదు. కాసేపటికి ముక్కు తుడుచుకుని లేచి, ప్లేయరు మూత వేసి, వట్టి కవరుని దాని పక్కనే పెట్టింది. రేపు బీరువా మొత్తం దించి చూసుకోవాలి.