లాక్ మీరే తీయండి

సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో మా దుకాణం. ఒక పక్క మ్యాచింగ్ సెంటరు, ఇంకో పక్క జిరాక్స్. ముందు కుర్చీలో బాపు కూర్చుంటాడు. అద్దం వెనక మైక్రోస్కోపు మీదికి వంగి నేను కూర్చుంటాను. ఫోన్లు బాగుచేసేది నేనే అయినా వచ్చినవాళ్లు ముందు బాపుతోనే మాట్లాడతారు.

"కాకా, డిస్‌ప్లే పోయింది, ఎంతసేపైతది?"

బాపు భివండిలో మరమగ్గాల సాంచెల మీద బట్ట నేసి నేసి, మోకాళ్లు పోయాక ఇంటికి వచ్చినవాడు. ఫోనులో పచ్చ బటన్, ఎర్ర బటన్ తప్ప ఆయనకు ఏదీ పట్టదు. "నాకేం తెల్వది, మా బిడ్డెనడుగున్రి" అంటాడు. అప్పుడు వాళ్లు నావైపు చూస్తారు. మళ్లీ ఆయనవైపు చూస్తారు. కొందరు ఫోను జేబులో వేసుకుని, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లిపోతారు.

ఆడవాళ్లు మాత్రం వెళ్లరు. అసలు వాళ్లు వెతుక్కుంటూ వచ్చేదే నేనున్నానని. బేరం కంటే ముందు ఒక మాట అడుగుతారు. "నువ్వే చేస్తవా అక్కా? ఇంకెవ్వలకియ్యవు గదా?" ఆ ఫోనులో ఏముంటుంది? పిల్లలకు స్నానం చేయిస్తూ తీసిన ఫొటోలు, అమ్మతో చెప్పుకున్న అత్తింటి గొడవలు. పెద్ద రహస్యాలేమీ కావు. కానీ పరాయి మగవాడి చేతిలో పడతాయంటే గుండె దడదడలాడుతుంది.

నాకు ఆ దడ తెలుసు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఫోన్ రిపేరు నేర్చుకున్నప్పుడు క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లను. ఒకరోజు ప్రాక్టీసుకని ఎవరిదో ఫోను ఇచ్చారు. అది ఆన్ కాగానే పోరగాళ్లు గ్యాలరీ తెరిచి గుంపుగా మూగారు. నేర్పించే సారు కూడా తొంగిచూసి నవ్వాడు. నేను నా ముందున్న సర్క్యూట్ బోర్డు మీద నుంచి తల ఎత్తలేదు. ఆ సాయంత్రం హాస్టల్‌కు పోయి నా ఫోనులో ఉన్న నా ఫొటోలన్నీ తుడిచేశాను.

అందుకే దుకాణం పెట్టినప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. లాక్ నెంబరు అడగను. పరీక్షించాల్సి వస్తే, "లాక్ మీరే తీయండి" అని ఫోను వాళ్లకే ఇస్తాను. వాళ్ల ఎదురుగానే చూసి, వాళ్ల చేతికే ఇచ్చేస్తాను.

మొన్న చలికాలంలో ఒకమ్మాయి వచ్చింది. మద్దూరు వైపు పల్లె నుంచి బస్సులో వచ్చి ఇక్కడే డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. ఫోను నీళ్ల తొట్టిలో పడిందట. బోర్డు విప్పి చూస్తే చార్జింగ్ ఐసీ దగ్గర షార్ట్ అయి ఉంది. బోర్డు కడిగి ఆరబెట్టాలి, ఐసీ మార్చాలి, సోమవారం రమ్మన్నాను. ఏదన్నా ఉంటే చెప్పడానికి వేరే నెంబరు అడిగితే వాళ్ల అన్నది ఇచ్చింది. ఇచ్చాక ఒక్క క్షణం నిలబడి, "అర్జెంటయితెనే ఫోన్ చెయ్యక్కా" అని వెళ్లింది.

రెండో రోజుకే ఫోను బతికింది. నెట్‌వర్క్ పడుతుందో లేదో చూద్దామని సిమ్ వేసి, లాక్ తీయకుండా బల్ల మీద పెట్టాను. సరిగ్గా అప్పుడే ఒక అబ్బాయి బైకు ఆపి లోపలికి వచ్చాడు. ఇరవై అయిదేళ్లుంటాయేమో. చొక్కా నలగకుండా, మాట మెత్తగా ఉన్నాడు. బాపుకు నమస్తే పెట్టి, ఫలానా అమ్మాయికి అన్నను అని చెప్పాడు.

"ఫోను అయిందా కాకా?"

"ఆమెనడుగు బిడ్డా."

అతను అద్దం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, దాంట్ల ఒక యాప్ ఎయ్యాలె. ఎవరితోని మాట్లాడుతున్నదో, ఏం పంపుతున్నదో నాకొచ్చేటట్టు. ఆమెకు తెల్వద్దు. లాక్ నెంబరు నాకెరుకే, దూరంకెల్లి చూసిన. ఎక్కిచ్చుడే రాదు."

నేను చేతిలో పట్టకారు పక్కన పెట్టాను. అతనే చెప్పుకుపోయాడు. "ఇంట్లయితే చేతిలకెల్లి ఇడువది. ఇప్పుడే దొరికింది. ఏదో గ్రూపంట, ఒకపారి చూసిన, అందరు మొగపోరగాండ్లే. ఎప్పుడు జూసినా అండ్లనే ఉంటది. నాకు భయమైతుందక్కా. రేపు ఏదన్న అయినంక ఏడ్సి ఏం లాభం?"

అప్పుడే బల్ల మీద ఆ ఫోను కదిలింది. ఎవరో కాల్ చేస్తున్నారు. కింద మెత్తటి మ్యాట్ ఉంది కాబట్టి చప్పుడు పెద్దగా రాలేదు. నేను పని చేసుకుంటున్నట్టే దాన్ని బోర్లా తిప్పి అరచేయి పెట్టాను. అరచేతి కింద అది కొట్టుకుంటూనే ఉంది. అతనికి వినిపిస్తుందేమో, నా ముఖంలో కనిపిస్తుందేమో అని అరచేతిని ఇంకా గట్టిగా అదిమాను.

"ఇంకా కాలేదు" అన్నాను.

"రేపు సాయంత్రం వస్త" అని వెళ్లాడు. వెళ్లేటప్పుడు కూడా బాపుకు నమస్తే పెట్టాడు.

బైకు సందు దాటాక బాపు కుర్చీ నావైపు తిప్పుకున్నాడు. "ఫోను అయింది గదా బిడ్డా."

"అయింది."

"మరి ఎక్కియ్యరాదు? అన్న గదా. అన్నకు రంది ఉండదా? మనకెందుకు ఒకరింటి లొల్లి?"

నాకు కోపం రావాలి. కానీ వచ్చింది అనుమానం. కిందటేడు ఒకమ్మాయి ఇక్కడే, ఈ అద్దం ముందే నిలబడి ఏడ్చింది. ఎవడో ఆమె ఫొటోలు పెట్టుకుని బెదిరిస్తున్నాడు. ఇంట్లో ఒక్కరికి ముందే తెలిసి ఉంటే అంతదాకా వచ్చేది కాదు. ఇప్పుడు ఈ పిల్ల కూడా అలాంటి దాంట్లో ఉంటే? ఇప్పుడు వచ్చిన కాల్ అలాంటి బెదిరించేవాడిదే అయితే? అతని భయం నిజం కావచ్చు. అతను మంచివాడే కావచ్చు.

చివరికి బాపునే అడిగాను. "నా ఫోన్ల గట్ల ఎక్కియ్యాలని నీకెప్పుడన్న అనిపిచ్చిందా బాపూ?"

ఆయన కుర్చీ మళ్లీ బయటికి తిప్పుకున్నాడు. బయట జిరాక్స్ దుకాణం ముందు పిల్లలు గుంపుగా నిలబడితే వాళ్లనే చూస్తూ ఉన్నాడు. తర్వాత, "అనిపిచ్చింది" అన్నాడు. "నువ్వు పట్నంల నేర్సుకునేటప్పుడు. ఒక దుకాణపాయినను అడిగిన సుత. తీస్కరా, ఎక్కిస్తనన్నడు."

"మరి?"

"నువ్వు పండుగకొచ్చి నాలుగొద్దులున్నవ్. ఫోను ఇడిసిపెట్టలే."

అంతే చెప్పాడు. మనసు రాలేదనో, తప్పనిపించిందనో అనలేదు. నేను ఫోను ఇడవకపోవడం వల్ల మాత్రమే అది జరగలేదు. ఆయన ముఖంలో సిగ్గు ఉందా అని చూశాను. ఉంది, కానీ ఆ రోజుల భయం కూడా ఇంకా అక్కడే ఉంది.

ఆ అమ్మాయికి ఎలాగైనా చెప్పాలి. ఎలా చెప్పను? ఆమె ఫోను నా దగ్గర ఉంది. నా దగ్గరున్న ఇంకో నెంబరు ఆమె అన్నదే. ఊరు తెలుసు కానీ ఇల్లు తెలియదు. పోయి వాకిట్లో నిలబడితే ఇంకా పెద్ద గొడవ. సిమ్ తీసేసి, ఫోను ఆపి, బీరువాలో పెట్టి తాళం వేశాను. మరునాడు ఒక చిన్న సాకెట్ అతికించడానికి మూడుసార్లు వేడి గాలి పెట్టాల్సి వచ్చింది. వెంట్రుకవాసి తప్పినా మైక్రోస్కోపులో అది కొండ కదిలినట్టు కనిపిస్తుంది.

సాయంత్రం అతను వచ్చాడు. వెంట ఒక స్నేహితుడు. వాడు లోపలికి రాకుండా బైకు మీదే కూర్చున్నాడు.

"అయిందా అక్కా?"

"ఫోను అయింది. నువ్వడిగిన పని నేను చెయ్య."

"చెయ్యరాదా, చెయ్యవా?"

"వస్తది. చెయ్య."

అతని ముఖం మారింది. అరవలేదు. "గట్లయితే ఫోనియ్యి. ఇంకో దగ్గర చేపిచ్చుకుంట."

ఇదే నేను భయపడ్డ మాట. "ఎవలిచ్చిన్రో వాళ్ల చేతికే ఇస్త."

"నేను కొనిచ్చిన ఫోనది."

నిజంగా అతను కొన్నదే కావచ్చు. అతను అద్దం మీద చేయి పెట్టాడు. బాపు మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. ఇచ్చెయ్యమని నాతో అంటాడనుకున్నాను.

"బిడ్డా" అన్నాడు బాపు అతనితో, "మా దుకాణంల పద్ధతి గదే. నీ చెల్లెను తోల్కరా, ఆమె చేతికిస్తం. గాడికెల్లి మీ ఇంటి ముచ్చట."

"గిందుకే ఆడోళ్లతోని దుకాణాలు పెట్టియ్యద్దు" అన్నాడు అతను. వెళ్తూ వెళ్తూ తిరిగి, "ఎట్ల నడుస్తదో చూస్త" అన్నాడు.

బాపు మళ్లీ కూర్చోలేదు. షటర్ దించేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆదివారం దుకాణం తెరవలేదు.

సోమవారం ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. జరిగింది చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఎక్కిచ్చినవా అక్కా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. లాక్ తీసి, ఎన్నో రోజుల తర్వాత సొంత మనిషిని చూసినట్టు ఫోనును చూసుకుంది. నేను అడగకుండానే ఆ గ్రూపు తెరిచి నాకు చూపించింది.

అది ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ల గ్రూపు. ఎక్కడెక్కడివాళ్లో ఉన్నారు. ఈమె కంప్యూటర్స్ చదువుతోంది కానీ ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోనులోనే, ఆ చిన్న కీబోర్డు మీదే ప్రోగ్రాములు రాస్తోంది. ఒక పోటీకి జట్టు కట్టారు. ఈమె ఫోను ఆగిపోయేసరికి ఏమైందోనని వాళ్లు కాల్ చేశారు. గ్రూపులో ఈమె పేరుకు బదులు రెండు ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయి.

"పేరెందుకు పెట్టలేదు?"

"మొదలు పేరే పెట్టిన అక్కా. అడిగిందానికి జవాబియ్యరు గని, పక్కకు మెసేజ్‌లు పెడుతుండిరి. ఫొటో పంపు, ఏడుంటవ్ అని. అందుకే ఇంకో గ్రూపుల గిట్ల చేరిన. జట్టులోళ్లకు సుత నేను ఆడపిల్లనని మొన్ననే తెలిసింది."

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే నా మీద నాకే చిరాకు వేసింది. అది ప్రేమ వ్యవహారమే అయినా నేను చెప్పాల్సిన జవాబు మారదు కదా. మరి ఎందుకంత తేలికపడ్డాను?

"గసొంటి యాప్ ఉంటే ఎట్ల తెలుస్తదక్కా?" అని అడిగింది. ఏయే అనుమతులు చూడాలో, తెలియని యాప్ ఎక్కడ దాక్కుంటుందో, బ్యాటరీ ఎందుకు త్వరగా అయిపోతుందో ఒక్కొక్కటే చూపించాను. లాక్ మార్పించాను. ఆమె ఒక్కసారి చెబితే పట్టుకుంది. పక్కన బాపు కళ్లద్దాలు పెట్టుకుని వింటున్నాడు.

ఆ తర్వాత రోజులు బాగా లేవు. ఏ బైకు ఆగినా నా చేయి ఆగిపోయేది. ఎప్పుడూ వచ్చే ఒకావిడ ఫోను ఇవ్వబోయి, "ఏమనుకోకమ్మా, నీ దగ్గరికెల్లి ఫొటోలు బయటికి పోతున్నయని అంటున్నరు" అంది. ఎవరన్నారని అడిగితే, ఎవరో అన్నారంది. ఆమె ముందే కూర్చుని బాగుచేసి ఇచ్చాను. ఆమె వెళ్లాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. నాకున్నది ఆ నమ్మకమే. అది పోతే, ఆ మైక్రోస్కోపు ఎందుకు, నేర్చుకున్న విద్య ఎందుకు?

ఎండలు ముదిరాక ఆ అమ్మాయి అన్న మళ్లీ వచ్చాడు. ఈసారి ఒక్కడే. బల్ల మీద కొత్త ఫోను పెట్టాడు.

"గిది చెల్లెకు కొనిచ్చిన" అన్నాడు. "ఇచ్చేముందే గా యాప్ ఎక్కిపిచ్చిన, వేరే దగ్గర. పొద్దున ఇస్తే మాపటికే దొరకవట్టింది. నాకొద్దని నా మంచం మీద పెట్టిపోయింది. గప్పటిసంది మాట్లాడ్తలేదు."

నేను మైక్రోస్కోపు లైటు ఆపాను.

"దాన్ని కనిపెట్టుడు నువ్వే నేర్పినవా?"

"నేనే."

గొడవ పడతాడనుకున్నాను. బాపు కూడా కుర్చీ చేతులు పట్టుకున్నాడు. అతను ఫోనును నావైపు జరిపాడు. "దీంట్లకెల్లి గది తీసెయ్యి. ఏం మిగలద్దు."

మొత్తం తుడిచి కొత్తదానిలా చేసి ఇచ్చాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇప్పుడు తీస్కుంటదా అక్కా?"

"తెల్వదు" అన్నాను. నిజంగానే తెలియదు. అతని మీద జాలి పడాలో లేదో కూడా తెలియలేదు. మా దుకాణం గురించి ఆ మాట పుట్టించింది నువ్వేనా అని అడగాలనుకున్నాను. అడగకుండానే ఇంకో ఫోను ముందుకు లాక్కున్నాను.

పరీక్షలయ్యాక ఆ అమ్మాయి క్లాసులో ఉండే ఇంకో పిల్లను తీసుకుని వచ్చింది. చేతిలో పాత ఫోనే ఉంది. కొత్తది డబ్బాలోనే ఉందట, ఇంకా తెరవలేదట. పోటీలో వాళ్ల జట్టు మొదటి మెట్టు దాటి రెండోదాంట్లో ఆగిపోయిందని చెప్పి నవ్వింది.

"అన్న మాట్లాడుతుండా?"

"తిన్నవా అంటడు. తిన్న అంట. గంతనే."

వెంట వచ్చిన పిల్ల తన ఫోను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. తనకూ చూపించమని అడిగింది. ఆమె అనుమానం అన్న మీద కాదు, నాన్న మీద. బాపు ఆ మాట విన్నాడు. లేచి, చాయ్ చెప్పి వస్తానని బయటికి వెళ్లాడు. నేను స్టూలు అద్దం దగ్గరికి జరిపి ఆ పిల్లను కూర్చోమన్నాను. ముగ్గురం ఫోను మీదికి వంగి వెతకడం మొదలుపెట్టాం. ఏమీ ఉండకూడదని నేను లోలోపల అనుకుంటూనే ఉన్నాను.