అక్క ఆ రోజు వంటింట్లోనే ఉంది

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అచ్చులో కనిపించిన ప్రతి మాటా లోకంలో అలాగే జరిగి తీరుతుందని నమ్మే వయసులో, నాకు మా బంధువుల కంటే చట్టమే సులభంగా అర్థమైంది. చట్టం ఒక మాట చెప్పి దాని మీద నిలబడుతుంది. మావాళ్ళు అలా నిలబడే రకం కాదు. మంగళగిరిలో ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతూ, మొదటి జీతం అందకముందే ఇంటిల్లిపాదికీ సలహాలివ్వడం మొదలుపెట్టిన ఆ కుర్రవాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే కాస్త జాలి, కాస్త విసుగు కలుగుతాయి. విసుగే ఎక్కువ.

ప్రత్తిపాడులో మా మేనత్త ఉండేది. మిషను బడిలో చేసి రిటైరైంది కాబట్టి ఊరందరికీ టీచరమ్మ, మాకు టీచరత్త. పిల్లల్లేరు, మామయ్య ముందే పోయాడు. మామయ్య అక్క కూతురొకామె తల్లీ తండ్రీ లేక చిన్నప్పుడే ఆ ఇంటికి వచ్చి, అక్కడే పెరిగి, పెళ్ళి మాటెత్తితే నవ్వి ఊరుకుని, చివరిదాకా అత్తను చూసుకుంది. ఆమెను నేను అక్కా అంటాను. రక్త సంబంధం ప్రకారం అత్తకు ఆమె ఏమీ కాదు. ఆ ఇల్లు తప్ప ఆమెకు తల దాచుకోవడానికి ఇంకో చోటు లేదు. అది తెలిసే అత్త వీలునామా రాసింది. ఇల్లు అక్కకి, కుట్టుమిషను మా అమ్మ చెల్లెలు పర్చూరు పిన్నికి, పుస్తకాల బీరువా నాకు.

ప్లీడర్ని అడక్కుండా తనే తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతే మావాళ్ళ పద్ధతి అడ్డం వచ్చింది. చర్చిలో పెళ్ళయ్యాక రిజిస్టరులో సాక్షి సంతకానికి పిలవడం మాలో పెద్ద మర్యాద. (పిలవలేదని అలిగిన మేనమామలు ఆ పెళ్ళికూతురి పిల్లల పెళ్ళిళ్ళకు కూడా రారు.) అత్త తన వీలునామాకూ అదే మర్యాద పాటించింది. ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి, తను సంతకం చేసి, కావలసిన వాళ్ళందరి చేతా వరసగా చేయించింది. వాళ్ళలో సగం మందికి ఓనమాలు దిద్దించింది తనే కాబట్టి పక్కనే కూర్చుని చూసింది. మా నాన్న సంతకం చూసి, "ఇంకా కాగితం మీద గొడ్లు తొక్కినట్టే ఉందిరా నీ రాత" అంది. అందరివీ అయ్యాక లోపలికెళ్ళి పడుకుంది.

మరుసటి మిరపకోతలప్పుడు అత్త పోయింది. నాకు చదువు మీద ఇష్టం కలిగించిన మనిషి ఆమె. ఆమె కోసం కాసేపు ఊరికే కూర్చోవాలనుకున్నాను. ఆ కాసేపు దొరకలేదు. జ్ఞాపకార్థ కూడిక కుర్చీలు ఇంకా తిరిగి పంపకముందే నాన్న తమ్ముడు, అంటే మా చిన్నాన్న, అక్కకు ఇల్లు చెల్లదంటూ గుంటూరు కోర్టుకెక్కాడు.

నేను కాగితాలు పట్టుకుని బ్రాడీపేటలో ఒక ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చివరిదాకా చదివి వేలు ఒకచోట ఆపాడు.

"ఈ సంతకం ఎవరిదండీ?"

"మా అక్కదండి."

"ఇల్లెవరికి రాశారు?"

"అక్కకేనండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సాక్షులంటే పెళ్ళిపెద్దలనుకున్నారటండీ మీవాళ్ళు? వీలునామాకు సాక్షిగా నిలబడ్డ మనిషికి అందులో ఏది రాసినా పోతుంది. వీలునామా ఉంటుంది, ఆ మనిషికిచ్చింది ఉండదు."

చావుమంచం పక్కన చేరి రాయించుకున్నవాళ్ళే సాక్ష్యం కూడా చెప్పకుండా ఇంగ్లండు వాళ్ళు ఎప్పుడో పెట్టుకున్న నియమమట. మన చట్టంలోకి వచ్చి క్రైస్తవులకు అలాగే నిలిచిపోయింది. "మా హిందువులకు లేదండి," అన్నాడాయన, తప్పు తనదైనట్టు కొంచెం మొహమాటంగా. "ఇదే పని మా పక్కింటి చీరల కొట్టాయన చేసుంటే ఇబ్బందే లేదు." అంటే అత్త ప్రేమగా పిలిచిన ప్రతివాళ్ళమూ పెన్ను పట్టుకుని, ఆమె ఇచ్చినదాన్ని ఆమె కళ్ళ ముందే పోగొట్టుకున్నాం. సంతకం లేనిది ఒక్క చిన్నాన్నదే.

ప్లీడరు గారు కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇక్కడీ నూనె మరకేంటి?"

"బజ్జీలండి. అక్క వంటింట్లో వేస్తూ ఉంది. అత్త పడుకున్నాక పాస్టరు గారు పిలిచి, నువ్వూ పెట్టమ్మా అంటే వచ్చి పెట్టింది."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. రాసినావిడ సంతకం చేస్తుంటే చూసైనా ఉండాలట, ఇది నా సంతకమే అని ఆవిడ చెబితే వినైనా ఉండాలట, అప్పుడే సాక్షి. ఏదీ లేకపోతే అక్కడ అక్క పేరు ఉత్త పేరే. "ఆ రోజు ఈమె వంటింట్లో ఉందని మీవాళ్ళు చెబితే చాలు. మీరొక్కరే చెబితే చాలదు."

ఇంత తేలికైన నిజం చెప్పించడానికి నేను పడ్డ పాట్లు కాలేజీలో నిద్రపోయే పిల్లలతో కూడా పడలేదు.

"దాన్ని పొయ్యి దగ్గర ఉంచి మనమంతా హాల్లో ఫ్యాను కింద కూర్చున్నామని కోర్టులో చెప్పమంటావా?" అన్నాడు నాన్న.

"కూర్చున్నాం కద నాన్నా."

"కూర్చుంటే? ఊళ్ళో ఏమనుకుంటారు? చాకిరీకి పెట్టుకున్నామనుకోరూ?"

"చెప్పకపోతే ఇల్లు పోతుంది."

"ఇల్లు పోకూడదు. వంటిల్లనీ చెప్పకూడదు. చదువుకున్నావుగా, ఇంకేదన్నా చూడు."

పర్చూరు పిన్ని ఇంకా ముందుకెళ్ళింది. "నా పక్కనే కూర్చుందిరా. నా చీర పట్టుకు చూసి, ఎక్కడ తీశావని కూడా అడిగింది," అంది. (ఆ చీర గురించి ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆ బాధ ఆమెకు అప్పటికీ ఉంది.) పాస్టరు గారు చాలాసేపు ఆలోచించి, "వంటింట్లో ఉన్నా ఆత్మలో మనతోనే ఉంది బాబూ," అన్నారు. ఆ వాక్యాన్ని కోర్టులో ఎలా పెట్టాలో ప్లీడరు గారికి తెలియలేదు. చివరికి అక్క దగ్గరికే వెళితే, బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండా, "మీరంతా నన్ను తక్కువగా చూశారని నా నోటితో చెప్పించకురా. హాల్లోనే ఉన్నానంటాలే," అంది.

"అక్కా, నిన్ను బయటికి పంపేస్తారు."

"అత్తయ్య అన్నం పెట్టిన ఇంటి పరువు తియ్యమంటావా?"

నేను నోట్సు తయారుచేసి, ఇంగ్లండు తీర్పుల సారం తెలుగులో రాసి అందరికీ తలా ఒక కాపీ పంచాను. పిన్ని దాని మీద మిరపకాయలు ఆరబెట్టింది.

విచారణ రోజున మావాళ్ళు అనుకున్నట్టే చెప్పారు. అక్కకు ముందు కుర్చీ వేశామన్నారు. ఎంత మర్యాద చేశారో చెప్పినకొద్దీ ఇల్లు ఆమె చేతిలోంచి జారిపోతూ ఉంది. అక్క తలూపుతూ కూర్చుంది. నేను వెనక బెంచీలో పళ్ళు కొరుక్కుంటున్నాను. చివరగా చిన్నాన్న బోనెక్కాడు. ప్లీడరు గారు, ఏదో ఒకటి అడగాలి కాబట్టి అన్నట్టు, "మీరు మాత్రం సంతకం పెట్టలేదేమండీ?" అన్నాడు.

చిన్నాన్న అంతకాలంగా ఎదురుచూస్తున్న ప్రశ్న అది.

"పెట్టమన్నదెవరండీ? సొంత తమ్ముణ్ణి. గుమ్మం దగ్గర ఒక్కణ్ణే నిలబడ్డా. ఒక్క చుక్క టీ కూడా ఇవ్వలా."

"టీ ఎవరివ్వాలి?"

"ఆవిడే. వీళ్ళు సంతకాలు పెట్టినంతసేపూ వంటింట్లోనే ఉంది. నేను చూస్తానే ఉన్నా. బజ్జీలు వేస్తానే ఉంది, టీ మాత్రం రాలా."

"మీ అక్కగారు సంతకం చేసేటప్పుడు కూడానా?"

"అప్పుడూ అక్కడే. మా అక్క లోపలికెళ్ళి పడుకున్నాక గదండీ, పాస్టరు గారు ఈవిణ్ణి బయటికి పిలిచి పెట్టించింది. చేతికి పిండితో వచ్చింది. ఆవిణ్ణి పిలిచినాయన, పక్కనే ఉన్న నన్ను పిలవొద్దా?"

ఆయన తరఫు ప్లీడరు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. చిన్నాన్నకు ఏం జరిగిందో బోను దిగాక కూడా తెలియలేదు. ఇన్నాళ్ళకు తన మాట ఎవరో పూర్తిగా విన్నారన్న తృప్తి ముఖంలో కనిపించింది. ఇల్లు కాదు, ఆ టీయే ఆయనకు కావలసింది.

ఇల్లు అక్కకే దక్కింది. పిన్నికి కుట్టుమిషను గానీ, నాకు బీరువా గానీ దక్కలేదు. మేమిద్దరం నిజంగానే హాల్లో ఉన్నాం.

అప్పటినుంచి ఏటా అత్త జ్ఞాపకార్థ కూడికలో మావాళ్ళు అక్కను బలవంతంగా ముందు కుర్చీలో కూర్చోబెడతారు. ఎవరైనా మళ్ళీ కోర్టులో అడుగుతారేమోనని భయం కాబోలు. ఆమె అక్కడ ఇబ్బందిగా, పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టు కూర్చుంటుంది. నేను ఆమె వెనకే, నాది కాని బీరువా పక్కన కూర్చుని అత్త పుస్తకమొకటి తిరగేస్తుంటాను. ప్రార్థన పొడుగవుతుంది. పొయ్యి దగ్గర ఎవరూ లేరు కాబట్టి టీ రాదు. మొన్న కూడికలో తలెత్తి చూస్తే, గుమ్మం దగ్గర ముసలి చిన్నాన్న వంటింటి వైపు చూస్తున్నాడు. చూపు కలిసింది. అప్పటికి నేనూ అటే చూస్తున్నానని ఆయనకు తెలిసిపోయింది.

"నీకూ రాలేదా?" అన్నాడు.

రాలేదన్నాను. కాస్త జరిగి గుమ్మం దగ్గర నాకు చోటిచ్చాడు.