జీపు కింద బాపు చెయ్యి

ముక్కు మీద కోపం నాది. ఆ ఆదివారం పొద్దున జీపు కిందికి దూరింది కూడా కోపంతోనే. కోపం గుట్ట దారిలోని బండ మీద. బండను ఏమీ చేయలేను కాబట్టి జీపు పొట్టకు ఇనుప పలకలు బిగిద్దామని కూర్చున్నాను.

అంతకు రెండు నెలల ముందు గుట్ట ఎక్కుతుంటే ఆ బండ తగిలి ఛాంబర్ పగిలింది. ఛాంబరంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి. మా గొర్రెల మంద వానకాలమంతా ఆ గుట్ట మీదే ఉంటుంది, తమ్ముడు కాస్తాడు. మా బాపు బతుకంతా ఆ గుట్టలు తొక్కిన మనిషే. తుంటి అరిగి నడక కష్టమయ్యాక, వారానికోసారి నా జీపులో వెళ్లి మందను చూసుకొచ్చేవాడు. చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో నాకు వారానికి ఒకటే సెలవు. ఆ సెలవు కాస్తా ఆయన గొర్రెలకే రాసిచ్చాను. ఆ రోజు ఆయిలంతా కారిపోయింది, ఫోను పలకలేదు. బాపు కట్టె పట్టుకుని గుట్ట దిగాల్సి వచ్చింది. దిగాక పది రోజులు మంచం పట్టాడు.

లేచాక ఒకటే మాట. "నేనింక గుట్టకు రాను. గొర్లను అమ్మేయుండ్రి."

అన్నాడే గానీ ఆ మనిషి సగమైపోయాడు. రెండు రొట్టెలు తినేవాడు అర రొట్టెకు దిగాడు. గొర్రెల బేరగాడు అప్పటికే రెండుసార్లు వచ్చి చాయ్ తాగి పోయాడు. మంద పోతే బాపు మిగలడని నాకు భయం పట్టుకుంది. కింద గట్టి కవచం ఉంటే ధైర్యంగా ఎక్కుతాడని పలకలు తెప్పించాను. రామన్నపేట మెకానిక్కు బిగిస్తానన్నాడు. నేను వింటేనా? గొర్రెల కొట్టానికి రేకులు వేసినవాణ్ని, రెండు పలకలు బిగించలేనా!

ముందు చక్రాలను మందపాటి మొద్దుల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టాను. అడుగున పేరుకున్న మట్టి గీకేసరికే గంట గడిచింది. తుప్పు పట్టిన బోల్టులకు కిరసనాయిలు పోసి, పానాతో కుస్తీ పట్టి, నోటికొచ్చినవన్నీ తిట్టాను. నా భార్య వాషర్లు అందిస్తూ వంగి చూసింది.

"జీపుకు గోచి కడ్తున్నవా ఏంది?"

"నవ్వకు. ఆ జాకీ ఇటు జరుపు!"

పలక బరువు నా ఛాతీ మీద పడకుండా జాకీతో కింది నుంచి లేపి పట్టింది ఆమే. తొందరలో నేను మొదటి బోల్టునే గట్టిగా బిగించాను. నాలుగో రంధ్రం కలవలేదు. మళ్లీ అన్నీ వదులు చేసి, అన్ని బోల్టులూ ఎక్కించాకే ఒక్కొక్కటీ బిగించాల్సి వచ్చింది. మధ్యాహ్నమయ్యేసరికి ముందు పలక, దాని వెనక రెండోది, రెండూ కూర్చున్నాయి. మసి కొట్టుకుపోయిన మొహంతో బయటికొచ్చి, ఏనుగును ఈడ్చుకొచ్చినంత గర్వంగా నిలబడ్డాను.

అప్పటిదాకా మంచం మీద కూర్చున్న బాపు కట్టె పట్టుకుని లేచాడు.

"జర పక్కకు జరుగు."

"వద్దు బాపు, నీ తుంటి!"

"నోర్ముయ్."

మెల్లగా పడుకుని జీపు కిందికి జరిగాడు. కళ్లు మూసుకున్నాడు. అరచేతిని పలక ముందు అంచున ఆనించి వెనక్కి రాయడం మొదలుపెట్టాడు. ఆ చెయ్యి నాకు తెలుసు. మంద ఇంటి దగ్గరున్నప్పుడు, సాయంత్రం కొట్టంలోకి వస్తుంటే ఒక్కో గొర్రె కడుపు కింద ఆ చెయ్యి అట్లాగే పోతుంది. ఏది చూలుతో ఉందో, ఏ పొదుగు గట్టిపడిందో, దేనికి ముల్లు దిగిందో చూడకుండానే చెబుతాడు. పశువుల డాక్టరు కూడా ఆయన చెప్పాకే మందు తీస్తాడు. నాకు ఆ విద్య ఒక్క పిసరు కూడా అబ్బలేదు.

చెయ్యి నడుమ ఆగింది.

"గిదేంది? గీడ చెయ్యి తగులుతాంది."

"అతుకు బాపు. ముందు పలక అంచుకు కిందికెల్లి ఎనుక పలక అంచు ఎక్కించిన. మొదటి రేకు మీద రెండోది గట్లనే ఎయ్యాలె గద!"

"రేకుల మీద వాన పారుతది. దీని కింద పారేది బండరా! బండ ముంగట నుంచి ఎనుకకు పోతది. గొర్రెను తల నుంచి తోకకు రాస్తే చెయ్యి నున్నగ పోవాలె. నువ్వు తోక నుంచి తలకు దువ్వినవ్."

వంగి చూశాను. నిజమే. వెనక పలక ముందు అంచు పెదవిలా కిందికి పొడుచుకొచ్చి ఉంది. బండ దానికి తగులుకుంటే పలకను బోల్టులతో సహా పీకి పారేస్తుంది. తాతకు దగ్గులు నేర్పబోయిన తెలివి నాది! నా భార్య పలకలు వచ్చిన పెట్టెలోని బొమ్మల కాగితం తీసి చూసింది. అందులోనూ బాపు చెప్పినట్టే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

రెండు పలకలూ విప్పి, ముందు పలక అంచు వెనక పలకను కింది నుంచి కప్పేలా మార్చి బిగించాను. బాపు మళ్లీ కిందికి జరిగి చెయ్యి రాశాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. బయటికొచ్చి, దుమ్ము దులుపుకుని, గొంగడి భుజాన వేసుకున్నాడు.

"పొద్దు ఉండంగనే పోదాం పా."

నేను చేతులు కూడా కడుక్కోలేదు.

అదే ఎక్కుడు, అదే బండ. ఎంత చూసి తోలినా కింద గర్రుమంది. ఆపి, దిగి, నేల మీద పడుకుని చూశాను. ఒక్క చుక్క ఆయిల్ లేదు. పలకల మీద ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లటి గీత, అతుకు దగ్గర కూడా తెగలేదు.

"ఏం కాలె బాపు! ఇగ నీ కాలు గురించి ఫికర్ వద్దు!"

"నా కాలు గురించి ఫికర్ ఎవడు జేసిండు?" అన్నాడు ముందుకే చూస్తూ. "గా దినం నేను కుంటుకుంట దిగుతాంటె, నువ్వు నా ఎనుక ఏడ్సుకుంట వచ్చినవ్. నాకు ఇనపడలేదనుకున్నవా? గది మల్ల ఇనలేక రానన్న."

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. లోపలికెక్కి స్టీరింగ్ పట్టుకున్నాను గానీ దారి సరిగ్గా కనిపించలేదు.

"మల్ల షురూ చేసినవా?" అన్నాడు బాపు. "పోనియ్‌రా, గొర్లు ఎదురుసూస్తుంటయ్."