దిమ్మ పట్టిన చెయ్యి

పాత అల్యూమినియం పడవలు బాగుచేసే ఆ షెడ్డులో మొగుడూ పెళ్ళాలిద్దరే పనివాళ్ళు. అతన్ని అందరూ పడవల మామ అనేవారు. మామ భార్య కాబట్టి ఆమె అత్త.

గాలం వేసేవాళ్ళు సొట్టలు పడ్డ పడవలు తెచ్చి పడేసేవారు. మామ పాత రంగు గీకి, లోపల నీళ్ళు నింపి, కారే చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, వదులైన రివెట్లు మార్చేవాడు. ఆపైన ఎవరి ముచ్చట వాళ్ళది. ఒకరికి తిరిగే కుర్చీ, ఇంకొకరికి పట్టిన చేపలు బతికుండే నీళ్ళపెట్టె.

రివెట్టు కొట్టడం మాత్రం ఒక్కరి వల్ల కాదు. బోర్లించిన పడవ మీద ఒకరు సుత్తితో కొడుతుంటే, కిందికి దూరి ఇంకొకరు రివెట్టు రెండో కొసకు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. కొట్టేది మామ, పట్టేది అత్త. మొహాలు చూసుకునే పని లేదు కాబట్టి పోట్లాడుకున్న రోజే పని బాగా సాగుతుందని ఆమె నవ్వేది.

మామ చెయ్యి వణుకుతోందని అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. దెబ్బ పక్కకు జారినప్పుడల్లా దిమ్మలోంచి మోచేతిదాకా జివ్వుమనేది.

"చెయ్యి నొప్పిగా ఉందా?" అని ఒకసారి అడిగింది.

"నొప్పి నీ నోటికి. గట్టిగా పట్టు," అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ వానాకాలం చివర్లో ఒక బక్కపలచటి మనిషి తడిబట్టలతో షెడ్డులోకి వచ్చాడు. అతని పడవ వీళ్ళ చేతిమీదుగా వెళ్ళి ఎంతో కాలం కాలేదు.

"నడి నీళ్ళలో అతుకు విడిపోయింది మామా. మా తమ్ముడికి ఈత రాదు. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాను. ఆస్పత్రిలో ఉన్నాడు, ఇంకా కళ్ళు తెరవలేదు."

మామ భార్యవైపు చూడకుండానే అన్నాడు: "దిమ్మ సరిగ్గా పట్టి ఉండదు. ఎన్నిసార్లు చెప్పినా దీనికి ధ్యాస ఉండదు."

ఆ మనిషి అత్తవైపు తిరిగాడు.

"పొరపాటైంది నాయనా. పడవ పంపించు, మళ్ళీ చేస్తాం," అంది ఆమె.

"మా తమ్ముణ్ణి కూడా మళ్ళీ చేస్తారా?" అనేసి అతను వెళ్ళిపోయాడు.

మర్నాడు బండి మీద పడవ వచ్చింది. విడిపోయిన చోట రివెట్ల తలలన్నీ ఒకవైపుకు వాలి ఉన్నాయి. అత్త కిందికి దూరింది. మామ కొట్టిన మొదటి దెబ్బ రేకు మీద పడింది. రెండోదీ అంతే. ఆమె బయటికొచ్చి అతని చేతిలోంచి సుత్తి తీసుకుంది.

"ఇక నువ్వు కొట్టకు. లోపలికి వెళ్ళు, నేను కొడతాను."

కసురుతాడనుకుంది. అతను మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ పడవ కిందికి దూరాడు. ఆమె కొట్టింది. లోపల దిమ్మ నిలవక గలగలమంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ గలగల. తర్వాత దిమ్మ నేలమీద పడ్డ చప్పుడు.

"ఏమయ్యా? బయటికి రా. ఉడికిపోతావు."

రేకు అవతలినుంచి గొంతు వినిపించింది.

"నిన్న తప్పు నీమీదకు తోసేశాను."

"తెలుసు."

"తెలిసీ ఎందుకు ఒప్పుకున్నావే?"

"నీ దెబ్బ జారుతోందని నాకు ఎప్పట్నించో తెలుసు. తెలిసీ నోరు మూసుకుని దిమ్మ పట్టాను. మరి నా తప్పు లేదని ఎలా చెప్పను?"

లోపల అతను ఏడుస్తున్నాడో, ఆయాసపడుతున్నాడో ఆమెకు తెలియలేదు. పడవకు వీపు ఆనించి కూర్చుంది. చీకటి పడ్డాక చెయ్యి అందించి బయటికి లాగింది.

ఆ వీధి చివర ఉండే ఆడపడుచును పిలిస్తే, "నాకేం చేతనవుతుంది వదినా?" అంటూనే వచ్చి దిమ్మ అందుకుంది. అత్త సుత్తి పట్టింది. వాలిన రివెట్లన్నీ తీసేసి కొత్తవి వేశారు. పడవ నింపి చూస్తే చుక్క కారలేదు. బక్కమనిషి పడవ తీసుకెళ్ళాడు గానీ మాట్లాడలేదు. అతని తమ్ముడు బతికాడు. నాలుగు మెట్లెక్కితే మాత్రం గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది.

తప్పు అత్తదేనని ఊరంతా పాకింది. వచ్చే ఒకరిద్దరు కూడా, "దిమ్మ మాత్రం అత్త చేత పట్టించకు మామా," అనేవారు. మామ తలెత్తి, "ఆమె తప్పేం లేదు. నా చెయ్యే పాడైంది," అనేవాడు. వాళ్ళు జాలిగా నవ్వేవారు. పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నాడు, ఎంత మంచివాడో అని బయటికెళ్ళి చెప్పుకునేవారు.

అతను వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పాడు. వణుకు రెండో చేతికి పాకింది, తర్వాత నాలుకకు. మాట ముద్దయిపోయింది. అన్నం తినిపిస్తుంటే కూడా గుమ్మంవైపు చూసి ఆ మాటే చెప్పబోయేవాడు.

"ఎవరూ రాలేదయ్యా," అనేది అత్త, మూతి తుడుస్తూ. "తిను."

ఆ పూట అతనికి తినిపించి, చెయ్యి కడుక్కుని షెడ్డులోకి వెళ్ళింది. ఆడపడుచు అప్పటికే పడవ కింద ఉంది.